గోడ ఎవరిదో గోడ కింద చూడాలి

కిందటి సంచికలో గ్రేట్ జింబాబ్వే శిథిలాల్లో దొరికి, జింబాబ్వే జెండాకెక్కిన రాతి పక్షి గురించి రెండు ముక్కలు రాసినందుకు చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వలస పాలనను సమర్థించుకోవడానికి పురావస్తు శాస్త్రాన్ని వాడుకున్నారని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. తవ్వితే దొరికేవి రాళ్లూ పెంకులే కదా, వాటితో రాజ్యం ఎలా నిలబెట్టుకుంటారు? — ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు అడిగినదానికి గ్రేట్ జింబాబ్వే కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. ఇప్పటి జింబాబ్వే దేశంలో మస్వింగో పట్నానికి సుమారు 30 కి.మీ. దూరంలో, 700 హెక్టార్లకు పైగా పరుచుకున్న రాతి పట్టణం అది. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా, ఇప్పుడు షోనా భాష మాట్లాడుతున్న జనం పూర్వీకులు కట్టుకున్నారు. కొండ మీద ఒక కట్టడాల గుంపు, కింద పెద్ద ప్రాకారం, రెంటికీ మధ్య లోయలో చిన్న చిన్న ఆవరణలు ఉంటాయి. ప్రాకారం చుట్టుకొలత 250 మీటర్ల దాకా, గోడ ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. సున్నం లేదు, అడుసు లేదు, రాయి మీద రాయి పేర్చిందే.

ఇక రాజకీయం. బ్రిటిష్ వ్యాపారవేత్త సెసిల్ రోడ్స్ కంపెనీకి 1889లో బ్రిటిష్ రాణి చార్టర్, అంటే అధికార పత్రం, ఇచ్చింది. 1890లో కంపెనీ సాయుధ దండు షోనాల ప్రాంతమైన మషోనాలాండ్‌లో దిగి భూములు పంచుకోవడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్న ఒప్పందం 1888లో ఎన్‌డెబెలె రాజు లోబెంగులా దగ్గర తీసుకున్నది. అందులో ఉన్నది గనులు తవ్వుకునే హక్కే, భూమి మీద హక్కు కాదు. అలాంటి సమయంలో ఆ నేల నడిబొడ్డున అంత పెద్ద రాతి పట్టణం కనబడింది. దాన్ని అక్కడి జనమే కట్టారని ఒప్పుకుంటే, వాళ్లకు రాజ్యం నడపడం తెలుసనీ ఆ భూమి వాళ్లదేననీ ఒప్పుకున్నట్టే. అదే ఎప్పుడో ఉత్తరం నుంచి వచ్చిన తెల్లజాతి కట్టిందని చెబితే, కంపెనీ చేస్తున్నది ఆక్రమణ కాకుండా పోతుంది, పాత ఆస్తిని తిరిగి స్వాధీనం చేసుకోవడం అవుతుంది.

ఆ కథకు ముడిసరుకు అప్పటికే సిద్ధంగా ఉంది. 1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ యాత్రికుడు శిథిలాలు చూసి, ఒక ద్వారబంధం దూలం నుంచి చిన్న పేడు చెక్కి తీశాడు. ఎర్రగా ఉంది, వాసన వేస్తోంది, తన పెన్సిల్ చెక్కలాగే ఉంది. కనక ఇది లెబనాన్ దేవదారు, తెచ్చినవాళ్లు లెబనాన్ తీరపు పాతకాలపు వర్తకులైన ఫినీషియన్లు, కట్టించింది బైబిల్లోని షీబా రాణి అని తేల్చేశాడు. కొండ మీది కట్టడం సొలొమోను ఆలయానికి నకలు అని కూడా రాశాడు. ఆ కర్ర నిజానికి టాంబూటి, ఆ ప్రాంతపు అడవుల్లోనే పెరిగే గట్టి చెట్టు. ఒక రాజ్యం పుట్టుపూర్వోత్తరాలను పెన్సిల్ ముక్కతో పోల్చి తేల్చిన సందర్భం ఇంకొకటి ఉందో లేదో.

1891లో రోడ్స్ ప్రోత్సాహంతో థియొడోర్ బెంట్ అనే పురాతన వస్తువుల అన్వేషకుడు వచ్చి తవ్వాడు. ప్రాకారంలో శంఖాకారపు బురుజు చుట్టూ తవ్వితే దొరికినవన్నీ పక్క ఊళ్లలో వాడుతున్న కుండల లాంటి కుండలే. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. కొండ మీద సబ్బురాతి పక్షులు, బంగారం కరిగించిన మూసలు దొరికేసరికి కట్టింది అరేబియా నుంచి వచ్చిన జాతి అని 1892లో పుస్తకం రాసేశాడు. కొలతలు తీసిన రాబర్ట్ స్వాన్ గోడల వంపుల్లో సూర్యుడి గమనం లెక్కలు కూడా చూపించాడు.

ఇక్కడి వాదన పద్ధతిని గుర్తు పెట్టుకోండి. పరీక్షలో రాయడానికీ పనికొస్తుంది, వేరే చోట అదే మోసం జరిగితే పట్టుకోవడానికీ పనికొస్తుంది. స్థానిక వస్తువు దొరికితే 'తర్వాత వచ్చి చేరినవాళ్లు పారేసిన చెత్త' అన్నారు. దూరదేశపు వస్తువు దొరికితే 'కట్టినవాళ్లది' అన్నారు. ఈ రెండు నియమాలూ ఒకసారి పెట్టుకున్నాక, ఎంత తవ్వినా సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం దొరకదు. దొరికిన ప్రతి ఎదురు సాక్ష్యమూ ముందే చెత్తకుప్పలోకి పోయింది.

ఆ చెత్తకుప్ప ఉత్త మాట కూడా కాదు. 1895లో శిథిలాల్లో బంగారం తవ్వుకోవడానికి ఒక సంస్థకు కంపెనీయే అనుమతి ఇచ్చింది. గ్రేట్ జింబాబ్వేను మినహాయించి పదుల కొద్దీ శిథిలాలను వాళ్లు తిరగదోడారు. నగలను వాటి బరువుకు లెక్కగట్టారు, కరిగించారు. 1902లో రక్షణ చట్టం వచ్చింది. అదే ఏడు గ్రేట్ జింబాబ్వేకు సంరక్షకుడిగా వేసింది మాత్రం పాత్రికేయుడైన రిచర్డ్ హాల్‌ను. ఆయన అప్పటికే ఆ బంగారం తవ్విన మనిషితో కలిసి పుస్తకం రాసినవాడు. ఆయనకు అప్పగించిన పని చెట్లూ పొదలూ కొట్టి, పడిన రాళ్లు తీసి కట్టడాన్ని కాపాడటం. చేసింది మాత్రం ప్రాకారం లోపల మూడు నుంచి ఐదు అడుగుల మేర, కొన్నిచోట్ల ఇంకా లోతుగా, మట్టిని ఎత్తి బయట పోయించడం. నల్లవాళ్ల కాలపు మురికిని తీసేస్తే అడుగున అసలు నిర్మాతల నేల బయటపడుతుందని ఆయన నమ్మకం. ఆ 'మురికి'లోనే ఆ పట్టణపు మూడు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1904లో ఆయన్ని తొలగించారు, పోయిన మట్టి మాత్రం పోయింది. తప్పుడు సిద్ధాంతాన్ని మరో పుస్తకంతో సరిదిద్దవచ్చు. తవ్విపారేసిన పొరను తిరిగి పేర్చలేం. మా దృష్టిలో బెంట్ కంటే హాల్ చేసిన నష్టమే పెద్దది.

ప్రశ్న: అంత మట్టి పోయాక ఆఫ్రికన్లే కట్టారని ఎలా రుజువైంది? నేరుగా రాతి వయసు కొలవచ్చు కదా? — డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: రాయి వయసు కొలిస్తే బండ ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది, అది కోట్ల ఏళ్ల లెక్క. గోడ ఎప్పుడు కట్టారో దాంతో తేలదు. గోడకు తేదీ కావాలంటే దాని కిందా, దానికి ఆనుకునీ ఉన్న మట్టిని చూడాలి. సూత్రం ఒకటే. చెదరని నేల కింద దొరికిన వస్తువు కంటే ఆ నేల ముందుది కాలేదు. గోడ పునాది కింద 13వ శతాబ్దపు పూస దొరికితే, ఆ గోడ 13వ శతాబ్దం కంటే పాతది కావడానికి వీల్లేదు. పూస గోడ పక్కన దొరికితే ఏమీ తేలదు, ఎవరైనా ఎప్పుడైనా పారేసి ఉండవచ్చు.

ఈ సూత్రంతో మొదట పని చేసినవాడు డేవిడ్ రాండల్-మకైవర్. ఈజిప్టులో ఫ్లిండర్స్ పెట్రీ దగ్గర తవ్వకం నేర్చుకున్న మనిషి. 1905లో శాస్త్రవేత్తల సంఘమైన బ్రిటిష్ అసోసియేషన్ పంపితే వచ్చి, ప్రాకారం లోపలి మట్టి ఇళ్ల గచ్చుల కింద తవ్వాడు. గోడలకూ గచ్చులకూ ఒకే కాలం సంబంధం ఉందని, ఆ గచ్చుల్లోని కుండలు చుట్టుపక్కల కరాంగా (షోనాల్లో ఒక శాఖ) ఊళ్లలోని కుండల సంప్రదాయానివేనని చూపాడు. కట్టడం మధ్యయుగాలది, పూర్తిగా ఆఫ్రికన్లది అన్నాడు. తెల్ల వలసదారులు మండిపడ్డారు. హాల్ 1909లో లావుపాటి ఖండన గ్రంథం అచ్చువేశాడు.

దాంతో బ్రిటిష్ అసోసియేషన్ 1929లో గెర్‌ట్రూడ్ కేటన్-థాంప్సన్‌ను పంపింది. ఆమెతో ఉన్న ఇద్దరు సహాయకులూ మహిళలే. వాళ్లలో ఒకరు తర్వాత జెరికో తవ్వకాలతో పేరు తెచ్చుకున్న కాథ్లీన్ కెన్యన్. కేటన్-థాంప్సన్ చేసిన తెలివైన పని చోటు ఎంచుకోవడం. హాల్ పార తగలని చోటు కోసం వెతికి, లోయలో మౌండ్ అనే పేరున్న శిథిలాన్ని ఎంచుకుంది. అక్కడ గచ్చు గోడ దాకా వచ్చి ఎలా ఆగుతుందో, గోడ కిందికి ఏ పొర పోతుందో విడివిడిగా గీసింది. శంఖాకారపు బురుజు కింద ఈ పక్క నుంచి ఆ పక్కకు సొరంగం కూడా తవ్వించింది. సమాధి లేదు, నిధి లేదు, బురుజు నిండా రాయే. అడుగు పొరల్లో ఉన్నవి స్థానిక కుండలు, వ్యాపారంలో వచ్చిన గాజు పూసలు. ఆమె తీర్పు రాండల్-మకైవర్ తీర్పుతో కలిసింది. 1958లో సమ్మర్స్, రాబిన్‌సన్, విట్టీ కలిసి కొండ మీద మిగిలిన పొరలు తవ్వి వరస క్రమం తయారుచేశారు.

రేడియోకార్బన్ పరీక్ష ఇక్కడ మొదట తికమక పెట్టింది. ప్రాకారం లోపలి గోడలో ఒక తూము మీది కర్రను 1950 ప్రాంతంలో పరీక్షకు పంపితే 6వ శతాబ్దం నుంచి 8వ శతాబ్దం మధ్య తేదీలు వచ్చాయి. చూశారా, పాతదే అని షీబా వాదులు ఎగిరి గంతేశారు. లోపం యంత్రంలో లేదు, ఎంచుకున్న కర్రలో ఉంది. రేడియోకార్బన్ చెప్పేది చెట్టు నరికిన రోజును కాదు, ఆ వలయం పెరిగిన ఏడాదిని. టాంబూటి వందల ఏళ్లు బతికే చెట్టు. దాని చేవ నుంచి నమూనా తీస్తే గోడ కంటే కొన్ని వందల ఏళ్లు పాత తేదీ వస్తుంది. పైగా అది పురుగు పట్టని కర్ర, పాత కట్టడం నుంచి తెచ్చి మళ్లీ వాడి ఉండొచ్చు. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షలు పెద్ద ప్రాకారపు బయటి గోడను 14వ శతాబ్దంలో పెట్టాయి.

అందుకే ఇప్పుడు తేదీ కోసం దూలాలను నమ్ముకోరు. ఒక్క ఏడో కొద్ది ఏళ్లో మాత్రమే బతికే వాటిని ఏరుకుంటారు. కాలిన జొన్న గింజ, సజ్జ గింజ, సన్న పుల్ల, పశువు ఎముక. బొగ్గును చేత్తో పట్టుకోరు, తాపీతో తీసి రేకులో చుట్టి, ఏ పొరదో ఏ లోతుదో అప్పటికప్పుడే రాస్తారు. దక్షిణార్ధ గోళపు నమూనాలను దక్షిణార్ధ గోళపు సవరణ పట్టికతోనే సరిచూడాలి. ఉత్తరార్ధ గోళపు పట్టిక వాడితే తేదీ కొన్ని దశాబ్దాలు పాతబడుతుంది. జల్లెడ కన్ను కూడా ముఖ్యమే. ఈ పూసల్లో చాలావాటి అడ్డుకొలత 2 నుంచి 4 మి.మీ. మాత్రమే. 5 మి.మీ. జల్లెడ వాడిన తవ్వకంలో పూసలు దొరకలేదంటే, పూసలు లేవని కాదు, చెత్తతో పాటు జారిపోయాయని.

ప్రశ్న: సున్నం లేకుండా 11 మీటర్ల గోడ ఆరేడు వందల ఏళ్లు నిలవడం సాధ్యమా? ఏదో విదేశీ పరిజ్ఞానం ఉండకపోతే ఎలా? — మేస్త్రీ పని చేసే పాఠకుడు, రాయచోటి

జవాబు: మీ ప్రశ్నలో మొదటి సగం మంచిది. రెండో సగం హాల్ వేసిన ప్రశ్నే.

అక్కడి కొండలు గ్రానైట్. పగటి ఎండకూ రాత్రి చలికీ బండ పైపొర ఉల్లిపొరలా పలకలుగా లేచి వస్తుంది. ఎక్కువ రాయి కావాలంటే బండ మీద మంట పెట్టి, కాలాక నీళ్లు చల్లి పొర విడదీస్తారు. మన దగ్గర బండ కొట్టేవాళ్లకు ఈ పని కొత్తది కాదు. అలా వచ్చిన పలక రెండు వైపులా సహజంగానే సమతలంగా ఉంటుంది. దాన్ని అడ్డంగా విరిస్తే ఇటుకలాంటి దిమ్మె. పొడవులో తేడా ఉన్నా మందం ఒకేలా ఉండటం వల్ల వరస చక్కగా వస్తుంది.

గోడ అడుగున మందం 5 మీటర్ల దాకా ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. రెండు ముఖాలూ ఏరిన దిమ్మెలతో కట్టి, నడుమ విరిగిన రాళ్లు కూరారు. ప్రతి వరసనూ కింది వరస కంటే కాస్త లోపలికి జరిపారు. అందువల్ల గోడ తన బరువుతో తనే లోపలికి ఒరుగుతుంది. మూలలు ఎక్కడా లంబకోణంలో ఉండవు, అంతా వంపే. వంపు గోడకు విడిగా ఆనుడు గోడలు అక్కర్లేదు. ఇంకో మాట, ఈ గోడలు పైకప్పు మోయవు. ఇళ్లు వేరే ఉండేవి. అవి బంకమట్టీ గరుకు ఇసుకా కలిపి తొక్కి కట్టిన గుండ్రటి ఇళ్లు, పైన గడ్డి కప్పు. గోడ పని ఇళ్ల మధ్య ఆవరణలను విడదీయడం, లోపలివాళ్ల హోదా చాటడం. అరబ్బు, ఫినీషియన్ నిర్మాతలైతే సున్నం, లంబకోణం, శాసనం ఈ మూడింట్లో ఒకదాని జాడైనా మిగిల్చేవాళ్లు. ఇక్కడ ఒక్కటీ లేదు.

కట్టడంలో అనుభవం పెరిగిన క్రమం కూడా గోడల్లోనే కనిపిస్తుంది. విట్టీ గోడలను మూడు రకాలుగా విడదీశాడు. మొదటి రకంలో వరసలు అలల్లా ఎగుడుదిగుడుగా ఉంటాయి. రెండో రకం ఏరిన దిమ్మెలతో తాడు పట్టినట్టు సాగుతుంది. మూడో రకంలో వరసే లేదు, దొరికిన రాయిని చిన్న చీలికలతో బిగించేశారు. బయటి నుంచి పూర్తి విద్య పట్టుకొచ్చిన నిర్మాతలైతే మొదటి రకం ఎందుకు కడతారు?

గోడ నిలవడం గురించి అడిగారు కాబట్టి అది చెడిపోయే తీరూ చెబుతాం. గోడ లోపలి కూరుడు రాయి వానకూ కదలికకూ కిందికి దిగి, ముఖాన్ని బయటికి తోస్తుంది. ముందు పొట్ట ఉబ్బుతుంది, తర్వాత ఒక వానాకాలంలో కూలుతుంది. చెట్ల వేళ్లు ఇంకో శత్రువు. గచ్చు మట్టిని తవ్విపారేయడంతో గోడ పాదాలు బయటపడి, నీళ్లు పోయే దారి మారిన చోట్లు ఉన్నాయి. వలస కాలంలో కొన్ని భాగాలను తమకు తోచినట్టు తిరిగి కట్టారు. అందుకే ఇప్పుడు ఉబ్బుతున్న చోట్ల గాజు పట్టీలు, తీగలు అమర్చి కదలికను కొలుస్తారు. తీసి కట్టాల్సివస్తే ముందు ఫొటో తీసి, ప్రతి దిమ్మెకూ అంకె వేసి, అదే వరసలో పెడతారు. సిమెంటు వాడితే గోడకు ఉన్న కాస్త కదిలే గుణం పోయి పక్క భాగం పగులుతుంది.

ప్రశ్న: గ్రేట్ జింబాబ్వేలో భారతీయ పూసలు దొరికాయి కనుక అది మనవాళ్లు కట్టిందేనని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాదు. పూసలు దొరికిన మాట నిజం. చైనా పచ్చ పింగాణీ పెంకులు, పర్షియా గిన్నె ముక్కలు, తూర్పు తీరంలోని కిల్వా సుల్తాను పేరున్న నాణెం కూడా దొరికాయి. ఆ లెక్కన చైనావాళ్లకూ వాటా ఇవ్వాలి. లోపలి నుంచి బంగారం, ఏనుగు దంతం తూర్పు తీరంలోని సొఫాలా రేవుకు పోయేవి, అక్కడి నుంచి బట్టలు, పూసలు వచ్చేవి. ఇంట్లో చైనా బొమ్మ ఉంటే ఆ ఇల్లు చైనావాళ్లు కట్టినట్టు కాదు కదా. షీబా రాణి స్థానంలో మన రాజును కూర్చోబెట్టినంత మాత్రాన ఆ వాదన బాగుపడదు.

పూసల సంగతి మాత్రం మీ ఊరికి దగ్గరిదే. దక్షిణాఫ్రికా, జింబాబ్వే స్థలాల్లో దొరికిన ఈ కాలపు పూసల్లో ఎక్కువ భాగం గాజును గొట్టంలా సాగదీసి, ముక్కలు కోసి చేసినవి. రసాయన పరీక్షలు చాలావాటిని దక్షిణాసియా వైపు చూపిస్తున్నాయి. కరిగిన గాజు ముద్దను ఇనుప గొట్టానికి పట్టించి, నడుమ బొక్క పోకుండా సన్నటి గొట్టంగా లాగి, కోసి, బూడిద కలిపి మళ్లీ వేడి చేసి అంచులు నునుపు చేసే ఆ పాత పద్ధతిని మన కాలందాకా నిలుపుకున్న ఊరు ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేట. అంతమాత్రాన ఆ పూసలు ఈ ఊరివేనని ఎవరూ రుజువు చేయలేదు. పద్ధతి ఒకటే అని మాత్రం చెప్పొచ్చు.

ప్రశ్న: ఇదంతా వందేళ్ల నాటి మాట. 1929 తర్వాత నిజం తేలిపోయినట్టే కదా? — కడప నుంచి ఒకరు

జవాబు: పండితుల్లో తేలింది, ప్రభుత్వంలో తేలలేదు. 1965లో ఇయాన్ స్మిత్ మైనారిటీ తెల్ల ప్రభుత్వం రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) స్వాతంత్ర్యం ఏకపక్షంగా ప్రకటించుకుంది. 1969లో ఒక సభ్యుడు పార్లమెంటులోనే లేచి, శిథిలాల దగ్గర అమ్మే పుస్తకాలు ఆఫ్రికన్లే కట్టారన్న ఒక్క అభిప్రాయమే చెబుతున్నాయని ఫిర్యాదు చేశాడు. అన్ని సిద్ధాంతాలకూ సమాన చోటు ఇవ్వాలన్న ఒత్తిడి వచ్చింది. రుజువున్నదానికీ లేనిదానికీ సమాన చోటు అంటే రుజువు లేనిదానికి లాభం. స్మారకాల శాఖలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచాడు. ఆయన 1973లో రాసిన పుస్తకమే ఇప్పటికీ ఈ విషయంలో మొదట చదవాల్సింది.

దక్షిణాఫ్రికాలోనూ ఇదే కథకు తమ్ముడు ఉన్నాడు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు దాదాపు ఒకే కాలంలో ఆ నేలకు వచ్చారని బడి పుస్తకాలు నేర్పేవి. లింపోపో ఒడ్డున మపుంగుబ్వే కొండ మీది బంగారు ఖడ్గమృగం 1930ల మొదట్లోనే బయటపడింది. ఆ రాజధాని 13వ శతాబ్దానిది, అంటే తెల్లవాళ్లు దిగడానికి నాలుగు వందల ఏళ్ల ముందుది. అయినా మామూలు జనానికి దాని గురించి విస్తృతంగా తెలిసింది వర్ణవివక్ష ముగిశాకే.

1980లో రొడీషియా స్థానంలో వచ్చిన కొత్త దేశం గ్రేట్ జింబాబ్వే శిథిలం పేరే పెట్టుకుంది, పక్షి జెండాకెక్కింది. మరుసటి ఏడు కేప్‌టౌన్ మ్యూజియం తన దగ్గరున్న పక్షులను తిరిగి ఇచ్చింది, బదులుగా తీసుకున్నది తేనెటీగలూ కందిరీగలూ చీమల నమూనాల సేకరణ. జాతీయ చిహ్నం కావడం వల్ల కొత్త తగవులూ వచ్చాయి. పక్కనున్న నెమన్వా, చరుంబిరా, ముగాబె వంశాల వాళ్లు తమ పెద్దల చోటని వాదులాడుకుంటారు, కంచె కట్టి టికెట్ పెట్టడం వాళ్లెవరికీ నచ్చలేదు. ఈ ముగాబె స్థానిక వంశం పేరు, మాజీ అధ్యక్షుడితో కలపకండి.

ప్రశ్న: మన దేశంలో ఇలా జరగలేదా? అమరావతి శిల్పాలు లండన్ ఎందుకు పోయాయి? — ఉపాధ్యాయుడు, సత్తెనపల్లి

జవాబు: జరిగింది, వేరే రూపంలో. మన దగ్గర కట్టినవాళ్లు మనవాళ్లు కాదని పూర్తిగా అనడం కుదరదు, శాసనాలు నోరు మూయించేస్తాయి. అందుకని వేరే దారులు తొక్కారు.

తర్వాత పురావస్తు సర్వేకు తొలి అధిపతి అయిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్, 1842లో కర్నల్ సైక్స్‌కు రాసిన ఉత్తరంలో తవ్వకాల లాభం దాచుకోకుండా చెప్పాడు. ప్రభుత్వానికి రాజకీయంగా, బ్రిటిష్ ప్రజలకు మతపరంగా ఈ పని ఎంతో ముఖ్యమన్నాడు. దేశం చిన్న రాజ్యాలుగా చీలి ఉన్నప్పుడల్లా పరాయివాళ్లకు లొంగిందని, ఒకే ఏలిక కింద ఉన్నప్పుడు ఎదురు నిలిచిందని తేలుతుందట. బ్రాహ్మణ మతం అనాదిది కాదని రుజువైతే క్రైస్తవం నిలదొక్కుకోవడం ఖాయమట. ఆయన పని తక్కువ చేయలేం, ఎన్నో బౌద్ధ స్థలాలను గుర్తుపట్టింది ఆయనే. కానీ డబ్బు అడిగేటప్పుడు చూపించిన కారణం అది.

రెండోది కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్. భారతీయులు రాతితో కట్టడం గ్రీకుల సంపర్కంతోనే నేర్చుకున్నారని, ఆ తర్వాత కళ పోనుపోను దిగజారిందని ఆయన సిద్ధాంతం. ఒడిశా కట్టడాలను స్వయంగా అధ్యయనం చేసిన బెంగాలీ పండితుడు రాజేంద్రలాల్ మిత్ర దాన్ని ఎదిరించాడు. 1883లో ఇల్బర్ట్ బిల్లు గొడవ నడిచింది. భారతీయ న్యాయాధికారులు యూరోపియన్లను విచారించవచ్చా అన్నది ఆ తగవు. మరుసటి ఏడు ఫెర్గుసన్ మిత్ర మీద ఒక పుస్తకమే రాసి, ఈ బాబుల (చదువుకున్న భారతీయుల) తీర్పు సామర్థ్యం ఇంతే అన్నట్టుగా ఆ బిల్లుకు ముడిపెట్టాడు. తోరణాల మీది వాదం న్యాయస్థానపు కుర్చీ దాకా వెళ్లింది.

అమరావతి విషయంలో అలాంటి ఉద్దేశం కనబడదు, నష్టం మాత్రం హాల్ చేసినలాంటిదే. సర్వేయర్ కాలిన్ మెకంజీ అక్కడి స్తూపాన్ని 1797లో మొదటిసారి చూసి, 1816లో చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసులో పడి ఉండి, 1859లో ఓడ ఎక్కాయి. 1867లో ఫెర్గుసన్‌కు అవి లండన్‌లో ఒక గుర్రపు బండ్ల కొట్టంలో కనబడ్డాయి. 1877లో రాబర్ట్ స్యూవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ ఆజ్ఞతో దిబ్బ మొత్తం తవ్వించేశారు. జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది పెద్ద గుంత. ఏ పలక ఏ పలక పక్కన ఉండేదో, ఏ పొరలో ఏముందో పూర్తిగా ఎవరూ రాయలేదు. అందుకే బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నైలోనూ ఉన్న పలకలను స్తూపంలో వాటి చోట పెట్టడానికి ఇప్పటికీ మెకంజీ బొమ్మలు ముఖ్యమైన ఆధారం. స్తూపం మొదలు మౌర్యుల కాలానికి వెళ్తుందన్నది 20వ శతాబ్దపు రెండో సగంలో, తవ్వకుండా మిగిలిన చోట్లలో చేసిన తవ్వకాలు ఇచ్చిన సమాచారం.

ప్రశ్న: జోహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ శీతాకాలం కుటుంబంతో గ్రేట్ జింబాబ్వే చూడాలని ఉంది. ఏం చూడాలి?

జవాబు: బెయిట్‌బ్రిడ్జ్ సరిహద్దు దాటి హరారే వెళ్లే దారిలో మస్వింగో దాదాపు సగం దూరంలో వస్తుంది. అక్కడ రాత్రి ఉండి తెల్లవారగానే వెళ్లండి. ముందు కొండ ఎక్కండి, ఎండ ముదిరాక పిల్లలతో కష్టం. ఎత్తు 80 మీటర్లే అయినా పాత మెట్ల దారి బండల మధ్య ఒక మనిషి పట్టేంత ఇరుకు.

ప్రాకారంలో శంఖాకారపు బురుజు దగ్గర అందరూ ఫొటో తీసుకుంటారు. మీరు దానితో పాటు గోడ అంచుల వెంట చూడండి. ఆగ్నేయ భాగంలో పైన కోణాల నగిషీ వరస ఉంటుంది. దాని కింది దిమ్మెలు సాఫుగా, వరస తప్పకుండా ఉంటాయి. అక్కడి నుంచి ప్రాకారం చుట్టూ వాయవ్యం వైపు నడుస్తూ పోతే గోడ పలచబడి, పొట్టిదై, వరసలు గజిబిజి అవుతాయి. పైన మేస్త్రీ గారికి చెప్పిన రకాల తేడా అక్కడ కంటితోనే తెలుస్తుంది. గోడ పాదంలో తూముల బొక్కలు కూడా వెతకండి, వాన నీటిని ఎలా పంపారో అర్థమవుతుంది.

తర్వాత మ్యూజియంలో పక్షులు చూడండి. లోయ ఆవరణలకు గంట అదనంగా ఉంచుకోండి, జనం తక్కువ. మౌండ్ శిథిలం ఎక్కడని గైడ్‌ను అడిగితే చూపిస్తారు. గోడల మీద పిల్లల్ని ఎక్కనివ్వకండి. పై వరసలో ఏదీ అతికించి లేదు, ఒక్క దిమ్మె జారితే దాని వెనక కూరుడు రాయి మొత్తం కదులుతుంది.